రక్తంలో పేరు తెలియని బ్యాక్టీరియా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం స్పందించే తీరు వల్ల అవయవాలే దెబ్బతినే ప్రమాదకర స్థితి) గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రోగి రక్తంలో బ్యాక్టీరియా పెరిగిందని ల్యాబ్ చెబుతుంది, కానీ అది ఏ బ్యాక్టీరియానో చెప్పలేకపోతుంది. అలాంటప్పుడు ఏం జరుగుతుంది? ఇన్నేళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్న నాకు ఇది మనసుకు దగ్గరైన ప్రశ్న కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. తీవ్రమైన జ్వరం, వణుకు రావడంతో ఆసుపత్రిలో చేర్చాము. బ్లడ్ కల్చర్ రిపోర్టులో "గ్రామ్ పాజిటివ్ రాడ్లు పెరిగాయి, జాతి గుర్తించలేకపోయాము, జన్యు పరీక్షకు పంపుతున్నాము" అని రాశారు. నాన్నగారు కోలుకుని ఇంటికి వచ్చిన తరువాత, అది ఇంతవరకు ఎవరూ వర్ణించని కొత్త జాతి కావచ్చునని డాక్టరు గారు చెప్పారు. ఇది కొత్త రోగమా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, వాళ్లకు అంటుకుంటుందా? పేరే తెలియనప్పుడు మందు ఎలా ఇచ్చారు? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. కొత్త జాతి అనే మాట వినగానే ఎక్కడో పుట్టి ఇప్పుడే మనుషుల మీద పడిన జీవి అనిపించడం సహజమే. కానీ ఆసుపత్రి ల్యాబ్‌లలో ఇలా బయటపడే జాతులలో ఎక్కువ భాగం మన చర్మం మీదో, నోటిలోనో, పేగులలోనో, లేక చుట్టూ ఉన్న మట్టిలో, నీటిలో, జంతువులలోనో ఎంతోకాలంగా ఉంటున్నవే. కొత్తది వాటికి పెట్టే పేరు మాత్రమే. వయసు మీద పడినప్పుడు, మధుమేహమో క్యాన్సరో ఉన్నప్పుడు, సిరలో గొట్టం పెట్టి ఉన్నప్పుడు, ప్రేగు గోడ దెబ్బతిన్నప్పుడు, అంతవరకు బయటే ఉండిపోయిన బ్యాక్టీరియా రక్తంలోకి దారి చేసుకుంటుంది. ఇటువంటి ఇన్ఫెక్షన్ ఒకరి నుంచి ఒకరికి జలుబులా సోకేది కాదు. పిల్లలను తాతగారికి దూరంగా ఉంచవలసిన పని సాధారణంగా ఉండదు. మామూలుగా చేతులు కడుక్కునే అలవాటు చాలు. ఏదైనా ప్రత్యేక జాగ్రత్త అవసరమైతే ఆసుపత్రి వాళ్లు డిశ్చార్జి చేసే రోజునే చెప్పి పంపుతారు.

ఇక మందు సంగతి. బ్లడ్ కల్చర్ అంటే రోగి రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో పోసి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. బ్లడ్ కల్చర్ సీసాలో బ్యాక్టీరియా పెరుగుతున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. కొన్ని రకాల సీసాలలో అడుగున ఉండే చిన్న బిళ్ల నీలి ఆకుపచ్చ నుంచి పసుపు రంగులోకి మారుతుంది, యంత్రం అలారం మోగిస్తుంది. అప్పుడు టెక్నీషియన్ సీసాలోంచి ఒకటి రెండు చుక్కలు తీసి, గాజు పలక మీద పరచి, గ్రామ్ స్టెయిన్ వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మీ నాన్నగారి విషయంలో ఆ పలక మీద ఊదారంగు కడ్డీలు కనిపించి ఉంటాయి; రిపోర్టులోని "గ్రామ్ పాజిటివ్ రాడ్లు" అవే. కొన్ని జాతులు చెల్లాచెదురుగా పడిన అగ్గిపుల్లల్లా ఉంటాయి, కొన్ని పక్కపక్కన వరుస కట్టి ఉంటాయి. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన ఈ రంగు పద్ధతి ఇప్పటికీ పేరు కంటే ముందే డాక్టరుకు దారి చూపుతుంది. ఊదారంగులో కనిపించే వాటికి ఒక వర్గం యాంటీబయాటిక్, గులాబీ రంగులో కనిపించే గ్రామ్ నెగటివ్ వాటికి మరొక వర్గం అని ఆ గంటలోనే చికిత్సను సరిచేయవచ్చు. సెప్సిస్‌లో పేరు కోసం ఆగితే రోగి దక్కడు.

ఆ తరువాత ల్యాబ్‌లో ఆ బ్యాక్టీరియాను వేర్వేరు మందులతో కలిపి పెంచి, ఎంత తక్కువ మోతాదులో దాని పెరుగుదల ఆగుతుందో కొలుస్తారు. తెలిసిన జాతులకైతే ఆ అంకెను బట్టి "పనిచేస్తుంది", "పనిచేయదు" అని చెప్పడానికి నిర్ణీతమైన హద్దులు ఉన్నాయి. కొత్త జాతికి అటువంటి హద్దు ఇంకా ఎవరూ నిర్ణయించి ఉండరు కనుక, ఆ మందు శరీరంలో ఎంత స్థాయికి చేరుతుందో చూసి, దగ్గరి బంధువులైన జాతుల అనుభవాన్ని పోల్చి, మైక్రోబయాలజిస్టూ చికిత్స చేసే డాక్టరూ కలిసి నిర్ణయానికి వస్తారు. అందుకే మీ రిపోర్టులో మందుల పట్టిక మామూలు కంటే చిన్నదిగా కనిపించి ఉండవచ్చు. అది ల్యాబ్ నిర్లక్ష్యం కాదు, తెలియని చోట తెలిసినట్లు రాయకపోవడం.

మీరు డాక్టరు గారిని తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కడి నుంచి వచ్చింది? చిగుళ్ల నుంచా, పేగు నుంచా, గుండె కవాటం మీద ఏమైనా చేరిందా? బ్యాక్టీరియా పేరు ఒక్కొక్కసారి ఈ ద్వారాన్ని వేలు పెట్టి చూపిస్తుంది. స్ట్రెప్టోకాకస్ గాలోలిటికస్ అనే జాతి రక్తంలో కనిపిస్తే, పెద్దపేగులో క్యాన్సర్ ఉందేమోనని కొలనోస్కోపీ చేయించడం వైద్యులకు స్థిరపడిన ఆచారం. కొత్త జాతి విషయంలో అలాంటి సంకేతం ఇంకా లేదు కనుక, వెతకడం వైద్యుల పని అవుతుంది.

ప్రశ్న: రక్తం తీసేటప్పుడు చర్మం మీది బ్యాక్టీరియా సీసాలో పడి ఉండవచ్చు కదా? దాన్నే కొత్త జాతి అని పొరబడరా?

జవాబు: పొరబడే అవకాశం ఉంది కనుకనే ల్యాబ్‌లో మొదట తేల్చవలసింది ఇదే. మీ అనుమానం పూర్తిగా సరైనది. ల్యాబ్ భాషలో దీన్ని కంటామినేషన్ అంటాము. పెద్దవారిలో రెండు వేర్వేరు చోట్ల సూది గుచ్చి, ప్రతిచోటా రెండేసి సీసాలలోకి, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున రక్తం తీయమని చెప్పడానికి కారణం అదే. నాలుగు సీసాలలో మూడింటిలో ఒకే జీవి, అదీ మొదటి రోజునే పెరిగితే అది రక్తంలో నిజంగా ఉందని నమ్మవచ్చు. ఒకే ఒక్క సీసాలో, నాలుగో రోజున, చర్మం మీద సాధారణంగా ఉండే రకం కనిపిస్తే సందేహించాలి. ఎక్కువ రక్తం ఎందుకంటే, చాలామంది పెద్దవారిలో ఒక మిల్లీలీటరు రక్తంలో బతికి ఉన్న బ్యాక్టీరియా పట్టుమని పది కూడా ఉండవు. తక్కువ తీస్తే అసలు జీవి దొరక్కుండా పోతుంది.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ యూనివర్సిటీ ఆసుపత్రి పరిశోధకులు 2024లో ప్రచురించిన పని ఈ విషయాన్ని బాగా చూపుతుంది. మామూలు పద్ధతులకు లొంగని 61 నమూనాల పూర్తి జీనోములను, అంటే వాటి డి.ఎన్.ఏ. మొత్తాన్ని, చదివితే, వాటిలో 35 కొత్త జాతులు కావచ్చునని తేలింది. ఆ 35లో 27 శరీరం లోపలి కణజాలం నుంచో రక్తం నుంచో వచ్చినవే. అయినా రోగులను పరిశీలించి చూస్తే, జబ్బుకు నిజంగా సంబంధం ఉందని వారు భావించినవి ఏడు మాత్రమే. జాతి కొత్తదా అనేది ఒక ప్రశ్న, అది రోగకారకమా అనేది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసి పత్రికలలో భయపెట్టే శీర్షికలు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: నేను మైక్రోబయాలజీ ఎం.ఎస్సీ. చదువుతున్నాను. ఒక బ్యాక్టీరియా కొత్త జాతి అని తేల్చడానికి ఏయే మెట్లు ఉంటాయి? 16ఎస్ జన్యువు ఒక్కటి చదివితే చాలదా?

జవాబు: చాలదు. ఎందుకు చాలదో కొంచెం వివరంగా చెబుతాను, ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకాలలో ఇచ్చే జవాబు తరచుగా పాతబడి ఉంటుంది.

ఇప్పుడు చాలా ల్యాబ్‌లలో మొదటి మెట్టు మాల్డి-టాఫ్ యంత్రం, అంటే ప్రోటీన్ల బరువులను బట్టి బ్యాక్టీరియాను గుర్తించేది. బ్లడ్ అగార్ (రక్తం కలిపిన పోషక జెల్లీ) మీద పెరిగిన కాలనీని, అంటే బ్యాక్టీరియా గుంపును, టూత్‌పిక్ మొనతో గుండుసూది తలకాయంత తీసుకుని, ఉక్కు పలక మీది చిన్న వలయంలో పూసి, పైన ఒక రసాయన ద్రావణం చుక్క వేసి ఆరనిస్తారు. లేజర్ కాంతి తగలగానే కణంలోని ప్రోటీన్లు, ముఖ్యంగా రైబోజోము ప్రోటీన్లు, ఎగిరి గొట్టంలో ప్రయాణిస్తాయి. తేలికైనవి ముందు, బరువైనవి వెనుక చేరుతాయి. ఆ శిఖరాల వరుసను యంత్రం తన భాండాగారంలోని వేల నమూనాలతో పోల్చి మార్కులు ఇస్తుంది. విరివిగా వాడే ఒక వ్యవస్థలో 2.0 దాటితే జాతి పేరు నమ్మవచ్చు, 1.7కు 2.0కు మధ్య అయితే ప్రజాతి (దగ్గరి జాతులన్నీ చేరే పై వర్గం) వరకే, అంతకంటే తక్కువైతే గుర్తింపు లేనట్లే. ఇక్కడ విద్యార్థులు మరచిపోకూడని సంగతి ఏమిటంటే, యంత్రం తన దగ్గర ఉన్న పేర్లలోంచే ఎంచుకోగలదు. భాండాగారంలో లేని జీవిని చూపిస్తే అది మౌనంగా ఉండవచ్చు, లేదా దగ్గరి బంధువు పేరు చెప్పవచ్చు. మౌనం కంటే రెండోది ప్రమాదకరం.

రెండో మెట్టు మీరు చెప్పిన 16ఎస్ రైబోజోమల్ ఆర్.ఎన్.ఏ. జన్యువు. దాదాపు 1,500 అక్షరాల ఈ జన్యువు అన్ని బ్యాక్టీరియాలలోనూ ఉంటుంది, చాలా నెమ్మదిగా మారుతుంది. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో ఈ అణువు క్రమాలను పోల్చే జీవుల వంశవృక్షాన్ని తిరగరాశారు. తెలిసిన జాతులన్నిటితో పోల్చినప్పుడు సారూప్యం సుమారు 98.7 శాతం కంటే తగ్గితే కొత్త జాతి అని అనుమానించవచ్చు. పాత పుస్తకాలలో కనిపించే 97 శాతం హద్దు ఇప్పుడు మరీ సడలింపుగా పరిగణింపబడుతున్నది. అయితే సారూప్యం ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఒకే జాతి అని చెప్పలేము. న్యుమోనియాకు, మెదడు పొరల వాపుకు కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, నోటిలో సాధారణంగా ఉండే స్ట్రెప్టోకాకస్ మైటిస్, ఈ రెండింటి 16ఎస్ జన్యువులు 99 శాతానికి పైగా కలుస్తాయి. రోగి దృష్టిలో ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో చెప్పనక్కరలేదు.

అందుకే అసలైన తీర్పు మూడో మెట్టులో, పూర్తి జీనోములో దొరుకుతుంది. రెండు జీనోములలో కలిసే భాగాలను ముక్కలుగా పోల్చి సగటు సారూప్యాన్ని లెక్కిస్తారు. అది సుమారు 95 నుంచి 96 శాతం కంటే తక్కువ ఉంటే వేరు జాతిగా పరిగణిస్తారు. దీనికి మూలం 1987లో నిపుణుల సంఘం ఆమోదించిన 70 శాతం డి.ఎన్.ఏ. సంకరణ ప్రమాణం, అంటే రెండు జీవుల డి.ఎన్.ఏ. పోగులు ఎంతవరకు జతకడతాయో కొలిచే పద్ధతి. ఇప్పుడు దాన్ని కూడా కంప్యూటరుతోనే లెక్కిస్తున్నారు. మనిషికీ చింపాంజీకీ డి.ఎన్.ఏ. అక్షరాలలో తేడా ఒక శాతం చుట్టుపక్కలే ఉంటుందని గుర్తు తెచ్చుకుంటే, బ్యాక్టీరియాలలో జాతి అనే మాట ఎంత విశాలమైనదో తెలుస్తుంది.

జీనోము తేడా చూపించినంత మాత్రాన కూడా పని ముగియదు. ఆ జీవి ఏ ఉష్ణోగ్రతలో పెరుగుతుంది, ఆక్సిజన్ లేకుండా బతుకుతుందా, ఏ చక్కెరలను పులియబెడుతుంది, కణపొరలో ఏ కొవ్వు ఆమ్లాలు ఉన్నాయి అనే వర్ణన కావాలి. ఆ జీవి సజీవ నమూనాను కనీసం రెండు వేర్వేరు దేశాలలోని సూక్ష్మజీవుల భాండాగారాలలో, ఏ పరిశోధకుడైనా తెప్పించుకోగలిగేలా, జమ చేయాలి. బ్యాక్టీరియా వర్గీకరణకు అధికారిక పత్రికగా ఉన్న ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సిస్టమాటిక్ అండ్ ఎవల్యూషనరీ మైక్రోబయాలజీలో వర్ణన అచ్చవ్వాలి, లేదా మరోచోట అచ్చైన పేరు అందులోని ఆమోద జాబితాకు ఎక్కాలి. అప్పుడే అది చెల్లుబాటయ్యే పేరు. ఒకే రోగి నుంచి దొరికిన ఒకే నమూనాతో కూడా జాతిని ప్రకటించవచ్చు కానీ, రెండో రోగి నుంచి రెండో నమూనా దొరికేవరకు ఆగగలిగితే ఆగడమే మంచిదని నా అభిప్రాయం. ఒక్క నమూనాలో కనిపించిన లక్షణం జాతిదో ఆ ఒక్కదానిదో చెప్పలేము.

చివరగా ఒక హెచ్చరిక, దీన్ని మీరు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే పాటించాలి. సీసాలో నెమ్మదిగా పెరిగి, పలక మీద ఇసుక రేణువుల్లాంటి అతి చిన్న గులాబీ రంగు కణాలుగా కనిపించే పేరు తెలియని జీవి ఎదురైతే, దాన్ని మామూలు బల్ల మీద తెరవకూడదు, ప్లేటు మూత తీసి వాసన చూడకూడదు. అది పశువుల నుంచి మనుషులకు సోకే, ల్యాబ్‌లో గాలి ద్వారా కూడా అంటుకోగల బ్రూసెల్లా కావచ్చు. కొన్ని యంత్రాలు బ్రూసెల్లాను దానికి దగ్గరి బంధువైన, అంత ప్రమాదం లేని ఓక్రోబ్యాక్ట్రమ్ అని తప్పుగా చెప్పిన సందర్భాలు ఉన్నాయి, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది ల్యాబ్‌లో పనిచేసేవారే. కొత్త జాతి అనే ఉత్సాహం కంటే ముందు బయోసేఫ్టీ క్యాబినెట్ (లోపలి గాలిని వడగట్టి పనిచేసేవారిని కాపాడే పెట్టె) గుర్తుకు రావాలి.

ప్రశ్న: రోగికి మందు పేరు లేకుండానే ఇవ్వగలిగినప్పుడు, ఇంత శ్రమపడి పేరు పెట్టడం వల్ల ఎవరికి లాభం?

జవాబు: తరువాత వచ్చే రోగికి. పేరు లేని జీవి గురించి ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోలేరు. ఒకరు చూసిన దాన్నే మరొకరు చూశారని తెలియదు.

1976లో కుక్క కరిచిన ఒక రోగి రక్తంలోనూ, వెన్నుద్రవంలోనూ ఒక సన్నని గ్రామ్ నెగటివ్ కడ్డీ కనిపించిందని వైద్య పత్రికలో వచ్చింది. దానికి పేరు లేదు, డి.ఎఫ్.-2 అనే సంకేతంతో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమైన సి.డి.సి. ల్యాబ్‌లో ఒక గుంపుగా నమోదైంది. అదే గుంపు కింద మరిన్ని కేసులు చేరుతూ వచ్చిన కొద్దీ చిత్రం స్పష్టమైంది: కుక్కకాటు, ప్లీహం (ఇన్ఫెక్షన్లను అడ్డుకోవడంలో తోడ్పడే అవయవం) తీసేసిన వారిలో ప్రాణాంతకమైన సెప్సిస్. 1989లో దానికి కాప్నోసైటోఫాగా కానిమోర్సస్ అని పేరు పెట్టారు. కానిమోర్సస్ అంటే కుక్కకాటు అనే అర్థం. ఇప్పుడు ప్లీహం లేని మనిషి కుక్క కరిచిందని వస్తే, జ్వరం రాకముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి డాక్టరు వెనుకాడరు.

1988లో వర్ణించిన స్టాఫిలోకాకస్ లుగ్డునెన్సిస్ కథ మరో రకం. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరపు ప్రాచీన నామం లుగ్డునమ్ నుంచి ఆ పేరు వచ్చింది. చర్మం మీద ఉండే హానిలేని స్టాఫిలోకాకస్‌ల గుంపులోనే ఇదీ పడుతుంది కనుక, విడిగా గుర్తించని ల్యాబ్‌లో దీన్ని కంటామినెంట్ అని కొట్టివేసే ప్రమాదం ఉంది. కానీ గుండె కవాటాలను ఇది ఎంత వేగంగా ధ్వంసం చేస్తుందంటే, ఒక్క సీసాలో కనిపించినా తేలికగా తీసుకోకూడదు. రిపోర్టులో "కోయాగులేజ్ నెగటివ్ స్టాఫిలోకాకస్" అని గుంపు పేరు రాసి ఊరుకోవడానికీ, లుగ్డునెన్సిస్ అని జాతి పేరు రాయడానికీ మధ్య ఒక గుండె ఆపరేషన్ అంత దూరం ఉండవచ్చు.

ఎలిజబెత్‌కింగియా అనాఫెలిస్ విషయం కూడా చెప్పాలి. 2011లో దీన్ని అనాఫెలిస్ దోమ పేగు నుంచి వేరు చేసి వర్ణించారు. 2015, 2016లలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 60 మందికి పైగా దీని బారిన పడ్డారు, ఎక్కువమందిలో అది రక్తంలోనే దొరికింది. చాలామంది 65 ఏళ్లు దాటినవారు, ముందే జబ్బులున్నవారు. అంతకు ముందు మాల్డి-టాఫ్ భాండాగారాలలో ఈ జాతి సరిగా లేకపోవడం వల్ల, దీన్ని మెనింగోసెప్టికా అనే బంధువు పేరుతో రిపోర్టు చేసిన సందర్భాలు ఉన్నాయి. అలా రెండు పేర్లు కలిసిపోతే కేసులు ఒకచోట పోగవుతున్నాయని పట్టుకోవడం కష్టం. ఈ జీవి కార్బపెనెమ్ వంటి బలమైన మందులను కూడా విడగొట్టే ఎంజైములను పుట్టుకతోనే కలిగి ఉంటుంది కనుక, సరైన పేరు ఇక్కడ చికిత్సను నేరుగా మారుస్తుంది. పేరులో దోమ ఉన్నా, దోమకాటు వల్ల ఇది మనుషులకు సోకుతుందనడానికి ఆధారం దొరకలేదు. ఆ కేసులకు మూలం ఏమిటో చివరికి తేలలేదు.

ప్రశ్న: కల్చర్‌లో పెరగని బ్యాక్టీరియాను ఎలా కనిపెడతారు?

జవాబు: రక్తంలోంచి నేరుగా డి.ఎన్.ఏ. తీసి 16ఎస్ జన్యువును చదవడం ద్వారా. జపాన్‌లోని మికురా ద్వీపపు ఎలుకలలో కనిపించి 2004లో పేరు పొందిన నియోఎర్లిచియా మికురెన్సిస్, 2010లో ఐరోపా రోగుల రక్తంలో ఇలాగే బయటపడింది. వారాల తరబడి జ్వరం, రక్తనాళాలలో రక్తం గడ్డకట్టడం, కానీ బ్లడ్ కల్చర్ సీసాలు మాత్రం ఖాళీ. కారణం తెలిశాక డాక్సీసైక్లిన్ అనే సాధారణమైన మందుతోనే నయమైంది. కల్చర్ లేని జాతికి పేరు ముందు "కాండిడేటస్" అని చేర్చాలన్నది ఆచారం. పేరు ఉన్నా పూర్తి హోదా ఇంకా రాలేదని దాని అర్థం.

ప్రశ్న: కొత్త జాతికి పేరు ఎవరు పెడతారు? కనుగొన్నవారు తమ పేరే పెట్టుకోవచ్చా? రోగి పేరు పెడతారా?

జవాబు: వర్ణించిన శాస్త్రవేత్తలే పేరును ప్రతిపాదిస్తారు. అది లాటిన్ వ్యాకరణానికి లోబడి ఉండాలి. తమ పేరుగానీ సహ రచయితల పేరుగానీ పెట్టుకోవద్దని నామకరణ నియమావళి సూచిస్తుంది. రోగి పేరు పెట్టకపోవడం వైద్య గోప్యత దృష్ట్యా సరైన పని. శాస్త్రవేత్తల పేర్లు, ఊళ్ల పేర్లు, జీవి లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయి. పైన చెప్పిన ఎలిజబెత్‌కింగియా పేరు సి.డి.సి.లో పేరులేని బ్యాక్టీరియాలను వర్గీకరించడంలో జీవితం గడిపిన ఎలిజబెత్ కింగ్ అనే మైక్రోబయాలజిస్టును గౌరవిస్తుంది.

వీటన్నిటిలో నాకు ఇష్టమైన పేరు బార్టొనెల్లా హెన్సెలే. హెచ్.ఐ.వి. సోకిన వారిలోనూ ఇతరులలోనూ అంతుచిక్కని జ్వరంతో పాటు రక్తంలో ఒక చిన్న వంపు తిరిగిన కడ్డీ దొరికింది. దాని కాలనీలు కంటికి కనబడడానికే రోజులు, వారాలు పడతాయి. తొందరపడే ల్యాబ్‌లో అయితే ప్లేట్లు అప్పటికి చెత్తబుట్టలో ఉంటాయి. అమెరికాలోని ఓక్లహోమాలో డయాన్ హెన్సెల్ అనే ల్యాబ్ టెక్నాలజిస్టు ఆ ప్లేట్లను వదలకుండా గమనించి, తొలి నమూనాలలో పలు వాటిని వేరు చేశారు. 1992లో జాతిని ప్రకటించినప్పుడు పేరు ఆమెకు దక్కింది. ఆ పేరుతో చేసిన రక్తపరీక్షల వల్లనే, 1950 నుంచి వైద్యులకు తెలిసి కూడా కారణం అంతుపట్టని పిల్లిగీరు జ్వరానికి ఇదే మూలమని తేలింది.